ఆక్వా ల్యాబ్‌కు మాడ్యులర్ బెంచీలు: ఏవి కదలాలి, ఏవి కదలకూడదు?

భీమవరం కొత్త ల్యాబ్
నమస్కారమండీ. ఒక పాత డాబా ఇంటి కింది భాగం అద్దెకు తీసుకుని ఆక్వా ల్యాబ్ పెడుతున్నాం. మూడు గదులు, ముందు వరండా. ప్రస్తుతానికి రొయ్యల చెరువుల నీరు, మట్టి పరీక్షలు, విబ్రియో ప్లేట్లు (రొయ్యలకు రోగం తెచ్చే బ్యాక్టీరియాను పెంచి చూసే పళ్లేలు). వచ్చే సీజన్‌కు పీసీఆర్ (డీఎన్‌ఏ కాపీలు పెంచి రోగాన్ని పట్టే పరీక్ష) కూడా. మేస్త్రీ వంటగట్టులా దిమ్మెలు కట్టి గ్రానైట్ పరిచేద్దామంటున్నారు. ఫర్నిచర్ అమ్మేవాళ్లు అన్నీ చక్రాల మీద నడిచే మాడ్యులర్ బెంచీలు చూపిస్తున్నారు. అద్దె ఇల్లు కాబట్టి నా మనసు అటే ఉంది. మన డెల్టా చెమ్మలో, ఉప్పునీటి పనిలో వాడి చూసినవాళ్లు చెప్పండి.

ఆకివీడు నీటిపరీక్ష
చక్రాల కన్నా ముందు సరుకు చూడండి. మా మొదటి బెంచీలు పార్టికల్ బోర్డువి, పైన తెల్లటి లామినేట్. రైతులు తెల్లవారుజామునే రొయ్యల సంచులు, నీళ్ల సీసాలు తెచ్చి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెడతారు. ఒక్కో సంచి కింద చెంబెడు నీళ్లు. మొదటి వర్షాకాలం దాటేసరికి సింకు పక్క పలక అంచు నానిన అటుకుల్లా ఉబ్బింది. వేలితో నొక్కితే పొడి రాలింది. లామినేట్ మాత్రం చెక్కుచెదరలేదు, నీరంతా అంచు పట్టీ సందులోంచే వెళ్లింది.

రెండోసారి స్టీలు వేయించాం. 304 గ్రేడు అని చెప్పి అమ్మారు. అయస్కాంతం అంటుకోలేదు కదా అని నమ్మాం. 202 గ్రేడుకు కూడా అయస్కాంతం అంటుకోదని అప్పటికి మాకు తెలియదు. బ్లీచింగ్ నీళ్లతో తుడిచిన చోటల్లా ఆవగింజలంత తుప్పు చుక్కలు లేచాయి. ఉప్పునీళ్లు పడే చోట 316 అడగండి. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, క్లోరైడ్‌ను తట్టుకునేది దాని వల్లనే. మిల్లు ఇచ్చే పరీక్ష పత్రం చూడకుండా డబ్బు కట్టకండి. 316 అయినా సరే, బ్లీచింగ్ కొట్టిన పది నిమిషాలకు మంచినీళ్లతో కడగాల్సిందే.

భీమవరం కొత్త ల్యాబ్
చాలా ఉపయోగపడింది. మరి బల్ల పైభాగానికి గ్రానైట్ మంచిదా, ఫినాలిక్ పలకా (రెజిన్ పట్టించిన కాగితం పొరలను నొక్కి చేసేది)?

కాకినాడ కెమిస్ట్రీ మేడం
మా కళాశాలలో రెండూ ఉన్నాయి. గ్రానైట్ ఆమ్లాలను బాగా ఓర్చుకుంటుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఒక్కటే దాన్ని తింటుంది, మీ పనిలో దాని అవసరం లేదు. అయితే బరువు ఎక్కువ. 20 మిల్లీమీటర్ల మందం బండ చదరపు అడుగుకు అయిదు కిలోలు తూగుతుంది. దాన్ని చక్రాల ఫ్రేము మీద వేస్తే పేరుకే కదిలే బెంచి. 16 మిల్లీమీటర్ల ఫినాలిక్ పలక అందులో సగం కూడా ఉండదు, నీళ్లకు ఉబ్బదు. హాట్‌ప్లేట్ మీదనుంచి తీసిన బీకరును నేరుగా పెడితే మాత్రం మచ్చ పడుతుంది.

ఇంకో సంగతి. ఎవరిని చూసినా మెరిసే నల్ల గ్రానైట్ మీదే మోజు. దాని మీద చుక్క ఆమ్లం పడినా కంటికి ఆనదు, చేతికి తగిలాకే తెలుస్తుంది. నీటి గట్టిదనం కొలిచే హార్డ్‌నెస్ టైట్రేషన్‌లో ద్రాక్ష రంగు నీలంలోకి తిరిగే క్షణం నల్లబల్ల మీద సరిగా కనపడదు. లేత బూడిద రంగు ఎంచుకోండి, లేదా ప్రతి బ్యూరెట్ కింద తెల్ల టైలు ముక్క పెట్టండి.

ఎత్తు గురించి కూడా: నిలబడి చేసే పనికి 900 మిల్లీమీటర్లు, కూర్చుని మైక్రోస్కోప్ చూసే చోట 750. మా ప్రయోగశాలలో అన్నీ ఒకే ఎత్తున కట్టించారు. పొద్దంతా స్లయిడ్లు చూసే అమ్మాయిలు మెడనొప్పితో ఇంటికి వెళ్లడం నేను కళ్లారా చూశాను. ఎత్తు మార్చుకునే కాళ్లున్న బెంచి కనీసం ఒక్కటైనా కొనండి.

తణుకు ఫ్యాబ్రికేషన్
ఫ్రేములు చేసేవాడిగా నా మాట. ప్రతి కాలికీ లెవెలింగ్ బోల్టు ఉండాలి. మన రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, పాత ఇళ్లలో గచ్చు ఒక మూల దిగుతుంది. రసమట్టం పెట్టి ఏడాదికి రెండుసార్లు సరిచేసుకోవాలి. వెల్డింగ్ అతుకులు రుద్దాకే పౌడర్ కోటింగ్ చేయించాలి. కోటింగ్ అయ్యాక రంధ్రం వేస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకే స్విచ్‌బోర్డులు, అరలు ఎక్కడ వస్తాయో ముందే చెప్పండి. ప్లగ్గులు బల్ల మట్టానికి పైనే ఉండాలి. కాలువ పొంగితే కింది గదుల్లో మోకాలు లోతు నీళ్లు మన ఊళ్లకు కొత్త కాదు.

తొండంగి హేచరీ టెక్నీషియన్
అందరూ సరుకు గురించే చెప్పారు. నేను పీసీఆర్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఇది రైతు కడుపుకు తగిలే విషయం.

మా పాత ల్యాబ్‌లో అన్నీ చక్రాల బెంచీలే. పీసీఆర్ అయ్యాక డీఎన్‌ఏను చూడడానికి జెల్ నడిపే గదిలో బల్ల ఖాళీగా ఉందని, పని ఒత్తిడిలో ఒకరోజు దాన్ని పీసీఆర్ మిక్స్ కలిపే గదిలోకి తోసుకొచ్చాం. ఆ వారంలో వరుసగా తెల్లమచ్చ (రొయ్యల వైరస్ రోగం) పాజిటివ్‌లు. నీళ్లు మాత్రమే పెట్టిన ట్యూబు కూడా పాజిటివ్ చూపించాక గాని మాకు తెలివి రాలేదు. బల్ల మీద అంటుకున్న డీఎన్‌ఏ దానితోపాటే నడిచి వచ్చింది. ఈలోగా ఒక రైతు మా రిపోర్టు చూసి, కౌంటు రాకముందే, అంటే రొయ్య అమ్మే సైజుకు ఎదగకముందే, చెరువు పట్టించేశాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

కాబట్టి ఒక గది బెంచి ఇంకో గది గడప దాటకూడదు. డీఎన్‌ఏ తీయడం, మిక్స్ కలపడం, జెల్ చూడడం వేరువేరు గదుల్లో జరగాలి, పని ఒకే దిక్కుగా సాగాలి. ఒక్కో గది బల్లలకు, స్టూళ్లకు, పిపెట్లకు ఒక్కో రంగు పట్టీ అంటించండి. చక్రాలు గది లోపలి మార్పులకే.

ఆకివీడు నీటిపరీక్ష
పైవారి మాట అక్షరాలా నిజం. సున్నితపు త్రాసు కూడా చక్రాల మీద వద్దు. మాది రోడ్డు పక్క ల్యాబ్. బస్సు వెళ్తే నాలుగో దశాంశం ఆడుతుంది, ఫ్రిజ్ మోటారు మొదలైనా ఆడుతుంది. చివరికి గోడకు తగలకుండా రెండు ఇటుక దిమ్మెలు కట్టి, పైన బరువైన బండ వేసి, త్రాసును దాని మీదికి మార్చాం.

కాకినాడ కెమిస్ట్రీ మేడం
ఫ్యూమ్ హుడ్ (రసాయనాల ఆవిర్లను బయటికి లాగే పెట్టె), సింకు కూడా స్థిరంగానే ఉండాలి. హుడ్ ముఖద్వారం దగ్గర గాలి సెకనుకు సుమారు అర మీటరు వేగంతో లోపలికి పోవాలి. తలుపుకో ఫ్యానుకో ఎదురుగా పెడితే ఆ లాగుడు చెదిరిపోతుంది. రెండు బెంచీ వరుసల మధ్య ఇద్దరు వీపు వీపు ఆనకుండా నిలబడాలంటే అయిదు అడుగులు వదలండి.

భీమవరం కొత్త ల్యాబ్
అందరికీ నమస్కారాలు. మేస్త్రీతో కూర్చుని ఇలా అనుకున్నాం. వరండాలో శాంపిళ్లు దించుకోవడానికి 316 స్టీలు సింకుతో ఒక తడి గట్టు, అది కట్టుడే. త్రాసుకు ఇటుక దిమ్మె, హుడ్‌కు తలుపుకు దూరంగా ఒక మూల. మిగతావన్నీ పౌడర్ కోటింగ్ ఫ్రేముల మీద లేత బూడిద ఫినాలిక్ బెంచీలు, కింద తాళంపడే చక్రాల సొరుగులు. పీసీఆర్‌కు మూడు గదులూ చాలవు కాబట్టి, డాబా మీది గది కూడా ఇస్తారా అని యజమానిని అడుగుతున్నాం. ఈ సాయంత్రం గచ్చు మీద సుద్దతో బెంచీలన్నీ అసలు కొలతల్లో గీసి, చేతిలో ట్రే పట్టుకుని తిరిగి చూస్తాం.

తణుకు ఫ్యాబ్రికేషన్
మంచి పని. తలుపు వెడల్పు కొలిచారా?

భీమవరం కొత్త ల్యాబ్
ఇప్పుడే కొలిచానండీ. ద్వారబంధం లోపలి కొలత 33 అంగుళాలు. బెంచి లోతు 30, పడుకోబెట్టి దాటించవచ్చు. నాలుగు అడుగుల లామినార్ ఫ్లో (వడకట్టిన గాలి వీచే పని పెట్టె) మాత్రం తలుపులోంచి వచ్చేలా లేదు. పెరటి వైపు కిటికీ చట్రం ఊడదీయాలేమో, మేస్త్రీని రేపు పొద్దున్నే రమ్మన్నాను.