దొడ్లో చింతచెట్టు, దాని మీద నత్తగుల్ల కొంగలు: ఎవరిని అడగాలి?

సిక్కోలు_ఆడపడుచు:

మాది శ్రీకాకుళం జిల్లా, ఇచ్ఛాపురం వైపు చిన్న ఊరు. తేలుకుంచి పేరు మీలో కొందరు వినే ఉంటారు. జూన్ వచ్చిందంటే అక్కడి చెట్లన్నీ కొంగలతో నిండిపోతాయి. అవే కొంగలు మా ఊరికీ కొన్ని వస్తాయి, కార్తీకం దాటాక వెళ్లిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని మా చిన్నప్పటి నుంచీ చెబుతారు. మా పెదనాన్నగారి దొడ్లో రెండు చింతచెట్లున్నాయి. ఈ ఏడు పెద్ద చెట్టు మీద ముప్పై ఒక్క గూళ్లు లెక్కపెట్టాను, అదీ కింద నుంచి కనబడినవే.

మా తాత ఉన్నప్పుడు గూట్లోంచి పిల్ల జారిపడితే వెదురు బుట్టలో పెట్టి, చెరువు గట్టున నత్తలు ఏరుకొచ్చి, గుల్ల పగలగొట్టి తినిపించేవారు. ఇప్పుడు పెదనాన్నకి డెబ్భై దాటాయి. దొడ్డంతా రెట్టలు, నీచు వాసన. వాన పడిందంటే వసారాలో కూర్చోలేం. నూతి మీద రేకు కప్పించారు. పెద్దమ్మ డాబా మీద చీరలు ఆరేయడం మానేసి నాలుగేళ్లయింది. "మీరంతా విశాఖలో కూర్చుని కొంగలు కొంగలు అంటారు, కంపు మాకు" అంటారాయన. ఆ మాటలో తప్పు లేదు. ఎండాకాలంలో, అవి రాకముందే, చెట్టు బేరం పెట్టేస్తారట.

నా టెన్షన్ అది. పెదనాన్న మీద ఫిర్యాదు చేయలేను. జీవవైవిధ్యానికి బోర్డులు, సంస్థలు ఉన్నాయంటారు కదా. ఒక్క చెట్టు కోసం వాళ్లలో ఎవరైనా పలుకుతారా?

రూల్స్_రాజు:

ఫారెస్ట్ వాళ్లకి ఒక్క ఫోన్ చేయండి, అయిపోతుంది. గూళ్లు, గుడ్లు కదిపితే 1972 వన్యప్రాణి చట్టం కింద వేటాడినట్టే లెక్క. కొంగలు లేనప్పుడు కొట్టించినా వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతి సంగతి ఉంటుంది.

పాత_సర్వేయరు:

చట్టం సరే. పెదనాన్న ఇంటికి ఫారెస్ట్ జీపు పంపించాక ఆ ఇంట్లో మీకు విస్తరి వేస్తారా? అది చివరికి ఉంచుకోండి.

ముందు పంచాయతీకి వెళ్లండి. మీ ఊళ్లో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఒకటి ఉండి ఉంటుంది. నవ్వకండి, కాగితం మీదైనా ఉంటుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా వేయాల్సిందే. ఆ కమిటీ పెద్ద పని ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయించడం. ఊళ్లో ఏ విత్తనాలు దాస్తున్నారు, ఏ చేపలు, ఏ పిట్టలు, ఏ ఆకు ఏ జబ్బుకి వాడతారు, ఆ సంగతి ఎవరికి తెలుసు, అన్నీ అందులో ఉండాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఆ రిజిస్టర్లు రాసినవాళ్లలో నేనొకణ్ణి. 2020 జనవరి 31 లోపు పని పూర్తిచేయని రాష్ట్రాలు ఆ ఫిబ్రవరి నుంచి నెలకు 10 లక్షలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ అంది. ఇక చూడండి పరుగు. నా చేతికి ఫారాల కట్ట ఇచ్చి పంపారు. రోజుకి రెండు ఊళ్లు. రచ్చబండ దగ్గర దొరికిన నలుగురిని అడిగి రాసుకునేవాణ్ణి. విత్తనాల సంగతి తెలిసిన ఆడవాళ్లేమో ఆ వేళకి పొలాల్లో ఉండేవారు. పిట్టల పేజీకి వచ్చేసరికి నాకు ఆకలి. ఏం రాశానో ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

అందుకే మీ ఊరి రిజిస్టర్ చూపించమనండి. ఏ చెట్టు, ఎన్ని గూళ్లు, ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతాయి, మీ తాతగారి నత్తల కథతో సహా చేర్పించండి. తర్వాత గ్రామసభ తీర్మానం. ఆ కాపీ పెట్టి రాష్ట్ర జీవవైవిధ్య మండలికి రాస్తే అది మీ ఒక్కరి అర్జీగా ఉండదు, ఊరి మాట అవుతుంది. డబ్బు మీద మాత్రం ఆశ వద్దు. స్థానిక జీవవైవిధ్య నిధి అని చట్టంలో ఉంది గానీ నేను తిరిగిన ఊళ్లలో దాన్ని చూసినవాళ్లు లేరు. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువుకి 2016లో ఇచ్చినట్టు జీవవైవిధ్య వారసత్వ స్థలం హోదా కూడా ఉంది. దొడ్లో రెండు చెట్లకి అంత దూరం పోనక్కర్లేదు.

బైనాక్యులర్_బాబాయ్:

అమ్మాయ్, ముప్పై ఒక్క గూళ్లు అన్నావు చూడు, ఆ లెక్క నీ నోట్‌బుక్‌లోనే ఉండిపోకూడదు. తేదీ వేసి ఈబర్డ్‌లో పెట్టు, పిట్టల లెక్కలు ఎవరైనా నమోదు చేసే యాప్ అది, ఫోన్ చాలు. నాలుగేళ్ల లెక్కలుంటే ఏ ఆఫీసులోనైనా నీ మాటకి బరువుంటుంది. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచీ నడుస్తోంది. చింతచెట్టు ఖాళీగా ఉన్నా మీ చెరువుని అందులో లెక్కించు.

సైబీరియా కథ వదిలెయ్. ఇవి మన దేశపు కొంగలే, వానల్ని బట్టి, నత్తల్ని బట్టి తిరుగుతుంటాయి. ముక్కు మూసినా మధ్యలో సందు కనబడుతుంది కదా. పిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. వరిచేలో నత్తలు ఏరి తినేది ఇవే అని పెదనాన్నగారికి గుర్తుచెయ్.

కంపుకి చిట్కా: చెట్టు కింద మందంగా ఊక పరిచి, వారానికోసారి గోకి పెంటకుప్పలో వెయ్యండి. వాసన మొత్తం పోదు, సగం తగ్గినా నయమే.

సిక్కోలు_ఆడపడుచు:

సంక్రాంతికి వెళ్లొచ్చాను. రిజిస్టర్ ఉంది! కార్యదర్శిగారు బీరువా మీద నుంచి దించి దుమ్ము దులిపారు. పిట్టల పేజీలో ఐదు పేర్లు: కాకి, పిచ్చుక, రామచిలుక, గోరింక, కొంగ. కొంగ ఎదురుగా "సాధారణం" అని రాశారు. అంతే.

అసలు సంగతి మొదటి పేజీలో ఉంది. కమిటీ సభ్యుల్లో మూడో పేరు మా పెదనాన్నది. ఎదురుగా ఇంగ్లీషులో సంతకం. ఆయన ఇంగ్లీషులో సంతకం పెట్టగా నేనెప్పుడూ చూడలేదు.

ఫోటో తీసుకెళ్లి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "నన్ను అడక్కుండా నన్ను మెంబరు చేసింది ఎవడు?" అని కాసేపు అరిచారు. తర్వాత పిట్టల పేజీ ఫోటో పెద్దది చేయమన్నారు. "సాధారణమా? ముప్పై గూళ్లు సాధారణమా?" అన్నారు.

చెట్టు బేరం మాట ఆ పూట ఎత్తలేదు. వచ్చే గ్రామసభ ఎప్పుడో కనుక్కోమన్నారు. పెద్దమ్మ మాత్రం మిల్లు నుంచి ఊక తెప్పిస్తే చెట్టు కింద పరిచేది ఎవరని అడుగుతోంది.