కనానీయులు నిజంగా నిర్మూలమయ్యారా?

జిజ్ఞాసువు: ఇశ్రాయేలీయులు తమ నాయకుడు యెహోషువ వెంట దండెత్తి, కనాను (నేటి ఇశ్రాయేలు, పాలస్తీనా, లెబనాన్ ప్రాంతం) పట్టణాలలో ఊపిరిగల దేనినీ మిగల్చలేదని బైబిల్లోని యెహోషువ గ్రంథం చెబుతుంది. అయితే లెబనాన్‌లోని కనానీయ పట్టణం సీదోనులో దొరికిన సుమారు 3,700 ఏళ్లనాటి అయిదుగురి ఎముకల డీఎన్ఏను పరీక్షించినవారు, నేటి లెబనాన్ ప్రజల వంశమూలంలో 90 శాతానికి పైగా ఆ కనానీయులదేనని 2017లో ప్రకటించారు. గ్రంథం తప్పని ఒప్పుకోవలసిందేనా?

పాతరాత: ఆనాడు కొన్ని పత్రికలు కూడా ఇలాగే తొందరపడ్డాయండీ. ఇశ్రాయేలు గోత్రాలలో ఆషేరీయులు సీదోను నివాసులను వెళ్లగొట్టలేదనీ, మనష్షీయులు బేత్షెయానును, మెగిద్దోను వదిలేశారనీ బైబిల్లో దాని తరువాతి గ్రంథమైన న్యాయాధిపతుల మొదటి అధ్యాయమే చెబుతోంది. సీదోను ఎముకలు కొట్టివేసేది గ్రంథాన్ని కాదు, దానిని సగమే చదివే మన అలవాటును.

మట్టిదిబ్బ: పాతరాత గారూ, అనుకూలమైన అధ్యాయం చూపించి దాటవేయడం తగదు. యెహోషువ కాలంలో కూలిందని గ్రంథం చెప్పే యెరికో కోట కూలింది క్రీ.పూ. 1550 ప్రాంతంలోనని 1952–58 మధ్య అక్కడ తవ్విన పురావస్తు శాస్త్రజ్ఞురాలు కాథ్లీన్ కెన్యన్ తేల్చారు. యెహోషువను క్రీ.పూ. 13వ శతాబ్దంలో ఉంచేవారి లెక్కకు అది మూడు శతాబ్దాల ముందటి మాట. యెహోషువ తగలబెట్టాడని గ్రంథం చెప్పే మరో కనాను పట్టణం హాసోరు మాత్రం 13వ శతాబ్దంలోనే భయంకరంగా తగలబడింది, అక్కడి విగ్రహాల తలలూ చేతులూ నరికేసి ఉన్నాయి. కానీ నిప్పు పెట్టినది ఇశ్రాయేలీయులా, ఐగుప్తీయులా, పొరుగు పట్టణంవారా అన్నది బూడిద చెప్పదు.

పాతరాత: హాసోరు సంగతిలో మీతో ఏకీభవిస్తాను. అసలు కనానీయులు ఒకే జాతిగా, ఒకే రాజు కింద ఉన్నవారు కారు. 1887లో ఐగుప్తులో (ఈజిప్టులో) బయటపడిన అమర్నా లేఖలలో, అంటే ఫరోకు వచ్చిన మట్టిపలకల ఉత్తరాలలో, యెరూషలేము పాలకుడు అబ్ది-హెబా తదితరులు ఒకరిపై ఒకరు ఫరోకు చాడీలు చెప్పుకుంటూ, సైనికులను పంపమని ప్రాధేయపడుతూ కనిపిస్తారు. అలాంటివారిని ఒక్క దండయాత్రలో తుడిచిపెట్టడం ఎలా సాధ్యం?

నాకు కనానీయులు దగ్గరగా కనిపించింది వారి పట్టణం లాకీషులో దొరికిన చిన్న దంతపు దువ్వెనలో. ఒకవైపు చిక్కు తీయడానికి 6 లావు పళ్లు, మరోవైపు పేలు తీయడానికి 14 సన్నని పళ్లు. జుట్టులోని, గడ్డంలోని పేలను ఇది పెకలించుగాక అని దాని మీద 17 అక్షరాలు గీసి ఉన్నాయి. ఒక పంటి సందున పేను అవశేషం కూడా చిక్కుకుని ఉంది! అది క్రీ.పూ. 1700 నాటిదని అంచనా. ఆ లిపి సంతతే ఫినీషియన్ అక్షరాలుగా, హెబ్రీ అక్షరాలుగా సాగింది. యెషయా 19వ అధ్యాయం హెబ్రీని "కనాను భాష" అనే పిలుస్తుంది. కనానీయుల నిర్మూలనను వర్ణించే యెహోషువ గ్రంథం రాసి ఉన్నది కూడా ఆ భాషలోనే.