లాస్ వేగస్ ఫైనల్‌కి రీసేల్ టికెట్: ఇప్పుడే కొనాలా, సెమీస్ అయ్యేదాకా ఆగాలా?

కుందనహళ్ళి_గేట్ (బెంగళూరు):

అందరికీ నమస్కారం. కాలేజ్ ఫుట్‌బాల్ (యూనివర్సిటీ జట్లు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) ప్లేఆఫ్ ఫైనల్ 2027 జనవరి 25, సోమవారం, లాస్ వేగస్‌లోని అలీజియంట్ స్టేడియంలో ఉంది. ఆఫీసు పని మీద జనవరి 11 నుంచి నెలాఖరు దాకా శాన్‌హోసేలో ఉంటాను. మా ఆవిడ కూడా వస్తోంది. తమ్ముడు ఒహాయో స్టేట్‌లో ఎంఎస్ చేస్తున్నాడు, వాడు అక్కడి నుంచి వస్తాడు. మొత్తం ముగ్గురం. మనిషికి 900 డాలర్లు దాటకూడదు.

అడగాల్సినవి ఇవి. రీసేల్ సైట్లలో ఫైనల్ టికెట్లు నెలల ముందే కనిపిస్తాయంటున్నారు, అప్పుడే కొనేయాలా? ఏ జట్లు వస్తాయో తేలాక కొంటే చౌకా, ఖరీదా? ఇక్కడి క్రెడిట్ కార్డు పనిచేస్తుందా? టికెట్ చేతికి ఎలా వస్తుంది? క్రికెట్ టికెట్ల బాధలు తెలుసు గానీ ఈ ఆట టికెట్ల సంగతి తెలియదు.

నాలుగో_డౌన్ (హెచ్ఎస్ఆర్ లేఅవుట్):

ధర ఆట ఎంత పెద్దదన్నదాన్ని బట్టి ఉంటుందనుకుంటారు చాలామంది. అసలు లెక్క వేరు: ఎవరు వస్తున్నారు, ఎంత దూరం నుంచి వస్తున్నారు. సంక్రాంతి ముందు మడివాళలో విజయవాడ బస్సు టికెట్ ఎంతుంటుందో, అదే బస్సు బెంగళూరుకి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఎంతుంటుందో చూడండి. బస్సు అదే, సీటూ అదే.

2019 జనవరి ఫైనల్ మీరు దిగబోయే శాన్‌హోసే పక్కనే, శాంటా క్లారాలో జరిగింది. అలబామా, క్లెమ్సన్ ఆడాయి. రెండు జట్ల ఊళ్ళూ దేశానికి అటు చివర, పైగా ఆ రెండు జట్లూ అంతకుముందు నాలుగేళ్ళలో మూడుసార్లు ప్లేఆఫ్‌లో తలపడ్డాయి. అభిమానులకి మొహం మొత్తింది. అడుగు ధర, అంటే స్టేడియంలో అన్నిటికంటే చౌక సీటు ధర, 200 డాలర్ల లోపుకి పడిపోయింది. అంతకు సరిగ్గా ఏడాది ముందు అట్లాంటాలో జార్జియా, అలబామా ఆడాయి. జార్జియా యూనివర్సిటీ ఉన్న ఏథెన్స్ అక్కడికి గంటన్నర ప్రయాణం. ఆ టికెట్లు కిందికి దిగే మాటే లేదు. 2026 జనవరిలో ఇంకో రకం: మయామి తన సొంత స్టేడియంలోనే ఫైనల్ ఆడింది, ఎదురుగా మొదటిసారి ఫైనల్‌కి వచ్చిన ఇండియానా. ఒకరు ఇంట్లోనే ఉన్నారు, మరొకరు జన్మకో శివరాత్రి అనుకుని వచ్చారు. ధర ఆకాశంలో నిలబడింది.

వేగస్‌కి సొంత జట్టు భయం పెద్దగా లేదు. కానీ విమానాలు ఎక్కడి నుంచైనా ఉంటాయి, ఆట పేరు చెప్పి నాలుగు రోజులు తిరిగి వద్దామనుకునే ఊరు, లాస్ ఏంజెలెస్ నుంచి కారులో నాలుగైదు గంటలు. కాబట్టి 2019లాగా కుప్పకూలుతుందని ఆశ పెట్టుకోకండి.

ఇక ఎప్పుడు కొనాలి. గత రెండు సీజన్లలో సెమీస్‌కీ ఫైనల్‌కీ మధ్య సుమారు పది రోజులుంది, ఈసారీ అంతే అనుకోండి. సెమీఫైనల్ అయిన రాత్రి, మర్నాడు కొనకండి. గెలిచిన ఊపులో జనం మీద పడతారు, అమ్మేవాళ్ళు ఆ వేడిలోనే ధర పెడతారు. తర్వాత రెండు యూనివర్సిటీలూ తమ కోటా టికెట్లని విరాళాలిచ్చేవాళ్ళకీ, సీజన్ టికెట్ ఉన్నవాళ్ళకీ పంచుతాయి. ఆ పంపకం అయ్యాక అందులో కొంత రీసేల్‌కి వస్తుంది. సరుకు పెరిగేది అప్పుడే. సోమవారం ఆట కాబట్టి ముందు గురువారం నుంచి శనివారం దాకా గట్టిగా చూడండి. ఆదివారం ఇంకా దిగొచ్చు, దిగకపోవచ్చు. ఒంటరిగా ఉన్నవాడు ఆ జూదం ఆడొచ్చు, ముగ్గురికి సీట్లు కావాల్సినవాడు ఆడకూడదు.

నెలల ముందు కనిపించే వాటిలో చాలావరకు అమ్మేవాడి చేతిలో ఇంకా లేని టికెట్లు. ముందు మీ డబ్బుకి ధర ఖాయం చేసుకుని, తర్వాత ఎక్కడో తక్కువకి కొని మీకు ఇవ్వాలని చూస్తాడు. ధర పెరిగితే చేతులెత్తేస్తాడు. ఆనవాళ్ళు సులభమే: సెక్షన్ ఉంటుంది, వరస నంబరు ఉండదు. లేదా ‘ఈ జోన్‌లో ఎక్కడైనా’ అని ఉంటుంది. డెలివరీ తేదీ ఆటకి ఒకటి రెండు రోజుల ముందు పెడతారు.

జీఎస్టీ_గుమాస్తా (మైలాపూర్, చెన్నై):

డబ్బు సంగతి నేను చెప్తాను.

బ్యాంకు యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ ఆన్‌లైన్ వాడకం ఆన్ చేసి, దాని లిమిట్ విడిగా పెంచండి. మొత్తం క్రెడిట్ లిమిట్ ఐదు లక్షలున్నా ఈ గడిలో యాభై వేలుంటే లావాదేవీ ఆగిపోతుంది. మంచి సీటు బుట్టలో ఉండగా, టైమర్ తిరుగుతుండగా ఇది తెలియడం కంటే నరకం లేదు. అమెరికా సైట్లు బిల్లింగ్ చిరునామాని బ్యాంకు దగ్గరున్న దానితో పోల్చి చూస్తాయి. దేశం ‘ఇండియా’ అని ఎంచుకుని ఆరంకెల పిన్‌కోడ్ కొట్టండి. ఐదంకెల జిప్ (అక్కడి పిన్‌కోడ్) మాత్రమే అడిగే చోట తోచిన నంబరు కొట్టి మూడుసార్లు ప్రయత్నిస్తే మోసమనుకుని కార్డుని బ్లాక్ చేసే ప్రమాదం ఉంది. అలాంటి చోట మీ తమ్ముడి అక్కడి కార్డే దారి.

ఖర్చు లెక్క. ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు వేసే అదనపు రుసుము, చాలా కార్డుల మీద 3.5 శాతం, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. మీ బడ్జెట్ 2,700 డాలర్లకి మార్కప్ 94.50, జీఎస్టీ 17.01, వెరసి 111 డాలర్ల పైచిలుకు. మార్కప్ లేని కార్డుంటే అది వాడండి. సైట్ ధరని రూపాయల్లో చూపిస్తే డాలర్లకి మార్చుకోండి. రూపాయల్లో కడితే మారకం రేటు వాళ్ళు పెట్టిందే, దాని మీద మీ బ్యాంకు మళ్ళీ మార్కప్ వేసే అవకాశమూ ఉంది. రేపు రీఫండ్ వచ్చినా డాలర్ రేటు మారిన తేడా మీ నెత్తినే.

ఒక మేలు జరిగింది. అమెరికాలో 2025 మే 12 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరనే మొదట చూపించాలి. అంతకుముందు చివరి పేజీలో వందల డాలర్లు కలిసేవి. అయినా ఒక సైట్ ధరని ఇంకో సైట్‌తో పోల్చేటప్పుడు కడపటి పేజీ దాకా వెళ్ళి చూడండి, పన్నులు అక్కడ కలవొచ్చు. స్టబ్‌హబ్, సీట్‌గీక్, వివిడ్ సీట్స్, టిక్‌పిక్, గేమ్‌టైమ్: ఒకే టికెట్‌ని ఒకే బ్రోకర్ అన్నింట్లోనూ పెడతాడు. సీటు అదే, ఫీజు తేడా. సెక్షన్, వరస రాసుకుని ఐదింట్లోనూ వెతకడానికి పది నిమిషాలు పట్టదు.

కుందనహళ్ళి_గేట్:

ఇద్దరికీ థాంక్స్ అండీ. తమ్ముడి కాలేజీ తెలుగు వాట్సాప్ గ్రూపులో ఇలాంటి టికెట్లు తిరుగుతుంటాయట. ‘ముందు జెల్ చెయ్యి బ్రో, స్క్రీన్‌షాట్ పంపిస్తా’ అంటారట. సైట్ ఫీజు మిగులుతుంది కదా అని వాడి మాట. స్టూడెంట్ టికెట్ల సంగతేంటి?

రొటేటింగ్_బార్‌కోడ్ (కేఆర్ పురం):

స్క్రీన్‌షాట్ అన్న మాట వినగానే మాట్లాడటం ఆపేయమనండి. టికెట్లు అమ్మే కంపెనీ టికెట్‌మాస్టర్ ఇచ్చే మొబైల్ టికెట్‌లో బార్‌కోడ్ 15 సెకన్లకోసారి మారుతుంది. దాని మీద కదిలే గీత అందుకే. ఫోటో తీసిన కోడ్ గేటు దగ్గరికి చేరేసరికే చచ్చిపోయి ఉంటుంది. చిన్నస్వామి బయట లాగా చేతికి చేయి మార్చి కాగితం తీసుకునే పద్ధతి అక్కడ లేదు. నిజమైన టికెట్ ఖాతా నుంచి ఖాతాకి ట్రాన్స్‌ఫర్ కావాలి. మీరు అంగీకరించిన క్షణం పాత యజమాని కోడ్ రద్దై మీ పేర కొత్తది పుడుతుంది. అందుకే ట్రాన్స్‌ఫర్ అయిన టికెట్‌కి భయం లేదు, ట్రాన్స్‌ఫర్ కాని టికెట్‌కి విలువ లేదు.

జెల్ మన యూపీఐ లాంటిదే, పంపిన డబ్బు వెనక్కి రాదు. వెన్మోలో ‘స్నేహితులకి’ అని పంపినా అంతే. తెలుగువాడే కదా అన్న నమ్మకం మీద 2,700 డాలర్లు పెట్టొద్దు. నిజంగా అమ్మేవాడైతే అదే సీటుని రీసేల్ సైట్‌లో పెట్టి లింకు పంపమంటే పంపుతాడు. లేదా పేపాల్‌లో ‘గూడ్స్ అండ్ సర్వీసెస్’ కింద తీసుకుంటాడు. రెండూ కాదంటే సంగతి అర్థమైనట్టే.

స్టూడెంట్ టికెట్ మీ తమ్ముడికి దొరికితే అదృష్టం, రీసేల్ కంటే బాగా చౌక. కాకపోతే యూనివర్సిటీ పెట్టే షరతులుంటాయి: గేటు దగ్గర ఐడీ చూపించాలి, చాలాచోట్ల ఇంకొకరికి బదిలీ కుదరదు. మొదటి రౌండ్ ఆటలు 5 నుంచి 8 ర్యాంకుల జట్ల సొంత క్యాంపస్‌లలో జరుగుతాయి. అక్కడ చౌకగా కనిపించేవి ఇలాంటి స్టూడెంట్ సీట్లు కావచ్చు. మీరు కొన్నా గేటులో ఆపేస్తారు. వాడికి ఒకటొస్తే మీరిద్దరూ ఒక జత కొనుక్కుంటే సరి, పక్కపక్కన ఉండరంతే.

ఇప్పుడు ఇక్కడి నుంచి బయల్దేరే ముందే చేయాల్సిన పని. టికెట్‌మాస్టర్ ఖాతా తెరిచి, రీసేల్ సైట్లలో కూడా అదే ఈమెయిల్ పెట్టండి. రెండు ఈమెయిళ్ళైతే ట్రాన్స్‌ఫర్ ఒకదానికి వస్తుంది, మీరు ఇంకోదాంట్లో వెతుకుతుంటారు. కొత్త ఫోన్‌లో లాగిన్ అయితే నిర్ధారణ కోడ్ మీ ఇండియా నంబరుకి వస్తుంది. రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ రాకపోతే స్టేడియం బయట నిలబడి ఏడవాల్సిందే. అందుకని ఇంట్లోనే లాగిన్ చేసి, లాగౌట్ చేయకుండా వెళ్ళండి. టికెట్ రాగానే అంగీకరించి గూగుల్ వాలెట్‌లోనో ఆపిల్ వాలెట్‌లోనో పెట్టుకోండి. అరవై వేల మంది ఒకేసారి నెట్‌వర్క్ మీద పడితే యాప్ తెరుచుకోదు, వాలెట్‌లో ఉన్నది ఇంటర్నెట్ లేకున్నా గేటు దగ్గర ఆనిస్తే చాలు.

సైట్ గ్యారంటీ గురించి: అమ్మినవాడు టికెట్ పంపకపోతే అలాంటి సీటో, డబ్బో ఇస్తారు. అక్కడిదాకా నిజమే. కానీ విమానం, హోటల్ డబ్బులు అందులోకి రావు. ఆట రోజు మధ్యాహ్నం రీఫండ్ వచ్చిందంటే, ఆ డబ్బుతో ఆ గంటలో ఉన్న ధరకి మళ్ళీ కొనాలి. కాబట్టి ‘ఇన్‌స్టంట్ డెలివరీ’ అన్న ఫిల్టర్ పెట్టి, ఆ లిస్టింగ్‌లే చూడండి. పాతికో యాభయ్యో ఎక్కువైనా సరే.

నాలుగో_డౌన్:

ఇన్‌స్టంట్ ఫిల్టర్ మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను, ఒక్క సవరణతో. సెమీస్ అయిన మొదటి రెండు మూడు రోజులు ఆ ఫిల్టర్ పెడితే చాలా తక్కువ కనిపిస్తాయి, ఎందుకంటే కోటా టికెట్లు ఇంకా ఖాతాల్లోకి రాలేదు. సరుకే లేదనుకుని కంగారుపడి ఉన్నదాన్ని కొనేయకండి.

ముగ్గురికీ కలిపి వెతకడం కూడా మానండి. టికెట్లు ఎక్కువగా రెండేసి, నాలుగేసి ఉంటాయి. నాలుగున్నవాడు మూడు అమ్మితే ఒకటి మిగిలిపోతుంది, అందుకే అమ్మడు. ఒక జత, అదే సెక్షన్‌లో ఒక విడి సీటు తీసుకుంటే తరచూ చౌక పడుతుంది. విడి సీట్లే అన్నిటికంటే ముందు దిగొస్తాయి. ‘పిగ్గీబ్యాక్’ అని రాసుంటే ఒకరి వెనక ఒకరు కూర్చునే జత, పక్కపక్కన కాదు.

సీటు ఎంపికలో క్రికెట్ బుద్ధి పనిచేయదు. మైదానానికి దగ్గరగా ఉన్న మొదటి వరసలే గొప్పవనుకుంటాం. ఈ ఆటలో గీత పక్కన రెండు జట్ల ఆటగాళ్ళూ, కోచ్‌లూ, కెమెరాలవాళ్ళూ గోడ కట్టినట్టు నిలబడతారు. కింది అంచెలో అయిదో వరసలో కూర్చుంటే కనిపించేవి హెల్మెట్ల వెనక భాగాలు. పదిహేనో వరస దాటితే తల పైనుంచి చూపు పోతుంది. పై అంచెలో, 400 నంబర్ల సెక్షన్లలో, మధ్య గీతకి దగ్గరగా ఉన్న ముందు వరసలు ఆ ధరకి నా దృష్టిలో అన్నిటికంటే మంచివి. ఆట ఎలా విచ్చుకుంటుందో మొత్తం కనిపిస్తుంది. కొనేముందు ఆ సెక్షన్ ఏ జట్టుకి కేటాయించారో చూసుకోండి. లేదంటే, ఒహాయో స్టేట్ వస్తే మీ తమ్ముడు ఎర్ర చొక్కాతో ఎదుటివాళ్ళ మధ్య కూర్చోవాలి. కొట్టరు గానీ, మూడున్నర గంటలు వాళ్ళు నిలబడే ఉంటారు.

900 డాలర్ల సంగతి నిర్మొహమాటంగా: ఫైనల్‌కి అది హద్దు మీద ఉన్న బడ్జెట్. గురువారం దాకా చూసి అడుగు ధరే అది దాటి కదలకపోతే వదిలేయండి. అసలు ఆటే ముఖ్యం అనుకుంటే సెమీఫైనల్ సాధారణంగా చౌక, ఎందుకంటే చాలామంది అభిమానులు ఫైనల్ కోసం డబ్బు దాచుకుంటారు. అప్పటికి మీరు అమెరికాలోనే ఉంటారు కదా. హోటల్‌ని మాత్రం రద్దు చేసుకునే వీలున్న రేటుకి ఇప్పుడే పెట్టుకోండి. వేగస్‌లో గది ధర పక్కన రిసార్ట్ ఫీజు కూడా కలుస్తుంది.

కుందనహళ్ళి_గేట్:

గురువారం దాకా ఆగుతాను, ఒక జత, ఒక విడి సీటు, 400ల్లో. అది కాకపోతే ఇంట్లోవాళ్ళకి చెప్పుకోవడానికి సాకు కావాలి. ఆఫీసు నుంచి నేరుగా విమానం ఎక్కుతాను, లాప్‌టాప్ బ్యాగుతో లోపలికి వెళ్ళొచ్చా?

రొటేటింగ్_బార్‌కోడ్:

వెళ్ళలేరు. పారదర్శకమైన సంచి 12 అంగుళాల ఎత్తు, 12 వెడల్పు, 6 మందం మించకూడదు. మీ ఆవిడ చేతి పర్సు 4.5 బై 6.5 అంగుళాలైతే పారదర్శకం కాకున్నా ఫర్వాలేదు, మామూలు హ్యాండ్‌బ్యాగ్ కుదరదు. లాప్‌టాప్‌ని హోటల్ గదిలో పెట్టి రండి. మ్యాండలే బే వైపు దిగితే హసియెండా అవెన్యూ వంతెన మీదుగా నడిచి వెళ్ళిపోవచ్చు, ట్యాక్సీ కోసం డబ్బు తగలేయకండి. స్టేడియంలో నోట్లు తీసుకోరు, కార్డే.

జీఎస్టీ_గుమాస్తా:

సాకు దొరికింది. గత ఫైనల్స్ ఈస్టర్న్ టైం రాత్రి ఏడున్నరకి మొదలయ్యాయి. ఈసారీ అదే అయితే మనకి మంగళవారం ఉదయం ఆరు. ఆ రోజు జనవరి 26, సెలవు. మీరు స్టేడియంలో ఉన్నా లేకపోయినా ఇక్కడ మేం ఫిల్టర్ కాఫీతో చూస్తాం, స్కోరు ముందే గ్రూపులో పెట్టకండి.