6174 గొప్పతనం ఆ సంఖ్యదా, మన పది వేళ్లదా?

సుద్దముక్క:
నిన్న తొమ్మిదో తరగతి పిల్లలకి 6174 చూపించాను. నాలుగంకెల సంఖ్య ఏదైనా తీసుకోండి, నాలుగూ ఒకే అంకె కాకుంటే చాలు. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చి, అందులోంచి చిన్న నుంచి పెద్దకి పేర్చింది తీసెయ్యండి. వచ్చినదానితో మళ్లీ అదే పని. ఏడుసార్లలోపు 6174 వచ్చి తీరుతుంది, ఇక కదలదు: 7641 − 1467 = 6174. నాసిక్ దగ్గర దేవళాలీలో బడిపంతులు కాప్రేకర్ 1949లో దీన్ని బయటపెట్టారు. మా స్టాఫ్‌రూములో ఒకాయన "ఇది లెక్కలు కాదండీ, గారడీ" అనేశారు. మీరేమంటారు?

అరసున్న:
ఆయన్నదే నిజం. 1729 చూడండి: 1³ + 12³, 9³ + 10³. గులకరాళ్లు పోసి లెక్కపెట్టినా అది మారదు. 6174 సంగతి అలా కాదు, పదుల్లో రాస్తేనే దానికి ఆ వైభోగం. బేస్ 8లో, అంటే పదులకి బదులు ఎనిమిదుల్లో లెక్కపెట్టి 0 నుంచి 7 దాకా అంకెలతోనే రాసే పద్ధతిలో, 1776తో మొదలెట్టండి: 6062, 6332, 3774, 4244, మళ్లీ 1776. గానుగెద్దే.

గోదారిగట్టు:
నేను ఏళ్లతో ఆడాను. 1956 మూడు మెట్లలో చేరింది, 2014కి ఏడూ పట్టాయి. రాజకీయాలు మొదలెట్టకండి ప్లీజ్. కానీ 2111 − 1112 = 999, అక్కణ్ణుంచి సున్నా వస్తోందే?

సుద్దముక్క:
ముందున్న సున్నాని వదిలెయ్యకండి, అది 0999. తర్వాత 8991, 8082, 8532, 6174.
అరసున్న గారూ, గారడీ అయితే కారణం దాచాలి. ఇక్కడ దాచిందేం లేదు. పెద్ద నుంచి చిన్నకి పేర్చాక మొదటి అంకెకీ ఆఖరి అంకెకీ ఉన్న తేడాకి 999 రెట్లు, మధ్య రెండింటి తేడాకి 90 రెట్లు కలిపితే అదే మన జవాబు. అలా వచ్చేవి మొత్తం 54 మాత్రమే. వేల సంఖ్యలు ఒక్క తీసివేతతో 54కి దిగిపోతాయి! నోటుబుక్కులో ఒక పేజీ చాలు, రుజువు అయిపోతుంది.

అరసున్న:
ఆ గరాటు బేస్ 8లోనూ ఉంది మాస్టారూ. ఎక్కడో చోట తిరగడం మొదలవుతుందనే అది చెబుతుంది, ఒక్క చోటే ఆగుతుందని కాదు. మన పదుల్లోనే మూడంకెలకి 495 ఉంది, రెండంకెలకి, అయిదంకెలకి చక్రాలే. నాలుగంకెలకి కుదిరింది, అంతే.

పెన్సిల్‌ములుకు:
ఇద్దరూ తీసివేత చుట్టూనే తిరుగుతున్నారు. ఆ సంఖ్యనే విప్పి చూడండి.
6174 = 18 + 18² + 18³. అంటే 18 × 343. ఆ 343 ఏమిటంటే 7³. కాబట్టి 1 + 18 + 18² = 7³. ఒకటికి ఒక సంఖ్యనీ దాని వర్గాన్నీ కలిపితే ఘనం కావడం, 1 మొదలు ఎంత పెద్ద సంఖ్య దాకా వెళ్లినా, 18కి తప్ప దేనికీ జరగదు. దీనికి వేళ్లతో పనిలేదు. (6174 అంకెల మొత్తం కూడా 18. అది మాత్రం పదుల పుణ్యమే. తన అంకెల మొత్తంతో భాగింపబడేవాటికి హర్షద సంఖ్యలని పేరుపెట్టింది కూడా కాప్రేకరే.)

అరసున్న:
ఇది కొట్టారు. ఒప్పుకుంటున్నా. అయినా ఆ తీసివేతకీ ఈ 18కీ చుట్టరికం చూపించగలరా?

పెన్సిల్‌ములుకు:
లేదండీ. ఒకే ఇంట్లో రెండు వాటాల అద్దెవాళ్లు.

సుద్దముక్క:
బేస్ 5లో నాలుగంకెలవన్నీ 3032 దగ్గర ఆగుతాయి, చేసి చూశాను. సోమవారం పిల్లలకి అదే ఇస్తున్నా. స్టాఫ్‌రూము ఆయన్ని వెనక బెంచీలో కూర్చోబెడతా.