2100కి సముద్రం అర మీటరు పెరుగుతుందా, రెండు మీటర్లా? మంచు ఫలకాల లెక్క మీద చర్చ

నిజాంపేట్ నివాసి:
ఆదివారం భోజనాల దగ్గర మా బావమరిదితో పెద్ద వాదనే అయింది. భీమిలి దగ్గర సముద్రం కనపడే ప్లాటు కొంటానంటాడు. టీవీలో చూస్తే అంటార్కిటికా మంచు కూలిపోతోంది, 2100కల్లా సముద్రం రెండు మీటర్లు లేస్తుంది అన్నారు. పేపర్లో చూస్తే అర మీటరు అని రాశారు. నాలుగింతల తేడా! ఏది నమ్మాలో తెలిసినవాళ్లు చెప్పండి. రాజకీయాలు మాత్రం వద్దు.

పాతబస్తీ చాయ్:
హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది భయ్యా. భూమ్మీద మంచంతా కరిగినా లేచేది 65 మీటర్లు. చాయ్ తాగి పడుకో.

కొత్తపల్లి కుర్రాడు:
రెండు మీటర్లు అని చెప్తేనే టీవీ చూస్తారు కాబట్టి రెండు మీటర్లు అంటారు. గ్లాసులో ఐసు ముక్క కరిగితే నీళ్లు బయటికి పొర్లుతాయా? పొర్లవు. ఉపగ్రహాలతో సముద్రమట్టం కొలవడం 1993లో మొదలైంది. అప్పటి నుంచి 2023 దాకా ముప్పై ఏళ్లలో పెరిగింది 11 సెంటీమీటర్లు. జానెడులో సగం. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం, అదే ఐపీసీసీ, వాళ్లే 2006-2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు అన్నారు. దాన్ని 75తో గుణించండి, 28 సెంటీమీటర్లు. మిగతా మీటరున్నర ఎక్కడి నుంచి తెచ్చారో ఎవరైనా చూపిస్తే దండం పెడతాను. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్లను భయపెట్టడం అందరికీ ఒక సరదా అయిపోయింది.

గీత_ఫిజిక్స్:
గ్లాసు ఉదాహరణ తేలే మంచుకు సరిపోతుంది. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా ఫలకాలు నేల మీద కూర్చున్న మంచు. అక్కడి నుంచి సముద్రంలోకి జారేది ఎంతైనా, అది కొత్తగా వచ్చి చేరే నీరే. గ్రీన్‌లాండ్ మొత్తం కరిగితే 7 మీటర్ల పైన, అంటార్కిటికా అయితే 58 మీటర్లు. అదంతా ఈ శతాబ్దంలో కరుగుతుందని ఎవరూ అనట్లేదు. అందులో చిన్న వాటా ఎంత త్వరగా వస్తుందన్నదే గొడవ.

ఇక మీ గుణకారం. 1993లో ఏడాదికి 2.1 మిల్లీమీటర్ల చొప్పున పెరిగేది, 2023కి 4.5 అయింది. వేగమే రెట్టింపు అవుతుంటే మీరు మధ్యలో ఒక సంఖ్య పట్టుకుని 75తో గుణిస్తే ఎలా? 1990లతో పోలిస్తే 2010-2019 మధ్య రెండు ఫలకాలూ కలిసి పోగొట్టుకున్న మంచు నాలుగింతలు. 2002లో వెళ్లిన గ్రేస్ ఉపగ్రహాలు, 2018లో వాటి స్థానంలోకి వెళ్లిన కొత్త గ్రేస్ జంట గురుత్వాకర్షణలో తేడా పట్టుకుని మంచు బరువునే తూస్తూ వచ్చాయి. గ్రీన్‌లాండ్ ఒక్కటే ఏటా సుమారు 27,000 కోట్ల టన్నులు పోగొట్టుకుంటోంది. 36,000 కోట్ల టన్నులు పోతే ప్రపంచ సముద్రమంతా ఒక మిల్లీమీటరు లేస్తుంది. ఇవి టీవీ లెక్కలు కావు.

కొత్తపల్లి కుర్రాడు:
మేడం, తూకం గురించి మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. అదే గ్రేస్ ఉపగ్రహాల లెక్కలో 2021 నుంచి 2023 దాకా అంటార్కిటికా బరువు పెరిగింది. తగ్గలేదు, పెరిగింది. ఇది మీరు ఎందుకు చెప్పలేదు?

ఇంకోటి. 2016లో డికాంటో, పొలార్డ్ అనే ఇద్దరు ఒక పేపర్ రాశారు. మంచు గోడలు వాటంతట అవే విరిగి పడిపోతాయి, అంటార్కిటికా ఒక్కటే 2100కి మీటరు పైన తెస్తుంది అన్నారు. ప్రపంచమంతా గగ్గోలు. 2021లో అదే మనుషులు మళ్లీ లెక్క వేస్తే అందులో మూడో వంతుకు దిగింది. అయిదేళ్లలో మూడో వంతుకు దిగిన లెక్కను చూపించి ఊళ్లు ఖాళీ చేయమంటారా?

నిజాంపేట్ నివాసి:
ఊళ్లు ఖాళీ చేయమని ఎవరన్నారండీ ఇక్కడ?

గీత_ఫిజిక్స్:
2021-23 పెరుగుదల నిజమే. తూర్పు అంటార్కిటికాలో ఆ ఏళ్లలో మామూలు కంటే ఎక్కువ మంచు కురిసింది. పైన కురిసిన మంచు కాసేపు జమ, అంతే. పడమర అంచున హిమానీనదాలు జారడం ఆగలేదు. ఇరవై ఏళ్ల లెక్కలోంచి మీకు నచ్చిన మూడేళ్లు తీసుకుని మాట్లాడితే ఇక చెప్పేదేముంది?

రెండు మీటర్లు ఎక్కడిది అంటే, థ్వైట్స్ గురించి చదవండి. పడమర అంటార్కిటికాలో 120 కిలోమీటర్ల వెడల్పున్న హిమానీనదం. అది ఆనుకున్న నేల సముద్రమట్టానికి కింద ఉంది, పైగా లోపలికి వెళ్లేకొద్దీ ఇంకా లోతు. అడుగున కాస్త వెచ్చటి సముద్రపు నీరు దూరి కరిగిస్తుంటే, మంచు వెనక్కి జరిగేకొద్దీ ఇంకా మందమైన మంచు నీటికి ఎదురవుతుంది. అందుకే మొదలైతే ఆపడం కష్టం అంటారు. అది మొత్తం పోతే 65 సెంటీమీటర్లు. పక్కనున్న మంచుకు అదే అడ్డుగోడ కూడా. 2002లో లార్సెన్-బి అనే తేలే మంచు అంచు కొన్ని వారాల్లోనే ముక్కలై పోయింది. అది తేలే మంచే, మీ గ్లాసు సూత్రం ప్రకారం సముద్రం పెరగకూడదు, దాని వల్ల పెరగలేదు కూడా. కానీ అడ్డు పోయేసరికి వెనకున్న హిమానీనదాలు వేగంగా జారడం మొదలుపెట్టాయి.

ఐపీసీసీ 2021 నివేదిక కాలుష్యం బాగా ఎక్కువైతే 63 నుంచి 101 సెంటీమీటర్లు అంది. ఆ పైన, అవకాశం తక్కువే గానీ రెండు మీటర్ల దాకా కొట్టిపారేయలేం అంది. టీవీవాడు ఆ చివరి వాక్యం ఒక్కటే చదివాడు, మీరు అది తప్ప మిగతావి చదివారు.

కొత్తపల్లి కుర్రాడు:
'కొట్టిపారేయలేం' అనేది లెక్క కాదు మేడం. రేపు నాకు లాటరీ తగులుతుందన్నది కూడా కొట్టిపారేయలేం. మళ్లీ అడుగుతున్నా, 2024లో థ్వైట్స్ మీదే వచ్చిన పేపర్లో ఆ గోడలు కూలే పద్ధతి ఈ శతాబ్దంలో జరిగేలా లేదు అన్నారా లేదా?

గీత_ఫిజిక్స్:
గోడలు కూలే పద్ధతి ఒక్కటే కాదు, అడుగు నుంచి కరిగే పద్ధతి వేరే ఉంది. ఆ పేపర్ రాసినవాళ్లే థ్వైట్స్ వెనక్కి జరగదని మాత్రం అనలేదు. మీరు సగం వాక్యాలు చదువుతున్నారు.

పాతబస్తీ చాయ్:
ఇద్దరూ లైన్ మీద ఉన్నారు. పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

రిటైర్డ్ ఈఈ:
నేను ఇరిగేషన్‌లో పని చేసి రిటైరయ్యాను. మీరిద్దరూ నీరు ఎంత లేస్తుందో కొట్టుకుంటున్నారు, నేల ఎంత దిగుతోందో ఎవరూ మాట్లాడట్లేదు. డెల్టా నేల తన బరువుకు తనే అణిగిపోతూ ఉంటుంది. ఏటా వరదలో కొత్త ఒండ్రు వచ్చి పడితే ఆ లోటు భర్తీ అయ్యేది. ఇప్పుడు ఒండ్రు ఎక్కడుంది? శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 215. ఆ తేడా అంతా మట్టే కదా! దివిసీమకు, బందరుకు చేరాల్సిన మట్టి జలాశయం అడుగున పడుకుని ఉంది. పైగా చెరువులకు, పొలాలకు బోర్లు వేసి తోడేస్తున్నారు, గ్యాసు తీస్తున్నారు. అంటార్కిటికా దాకా వెళ్లడం ఎందుకు?

దివిసీమ వాసు:
ఈఈ గారూ, అంటార్కిటికా మాట కూడా కావాలండీ. 1977 నవంబర్ 19 ఉప్పెనలో మా అమ్మమ్మ తరఫువాళ్లు సగం మంది పోయారు. ఆ రాత్రి పదివేల మందికి పైగా పోయారు. అప్పుడు సముద్రం అయిదు మీటర్ల ఎత్తున లోపలికి వచ్చిందంటారు. అలాంటి తుఫాను మళ్లీ వస్తే, ముందే సముద్రం అర మీటరు పైకి లేచి ఉంటే, ఆ నీరు ఇంకెన్ని ఊళ్లు దాటుతుందో ఆలోచించండి. ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు అని మాకు అక్కర్లేదు. తుఫాను రోజు ఎంతుంటుందో అదే కావాలి.

గీత_ఫిజిక్స్:
వాసు గారు చెప్పింది అసలు సంగతి. ఇంకొకటి కూడా ఉంది. అంత మంచు ఒకచోట పేరుకుంటే చుట్టుపక్కల సముద్రాన్ని తనవైపు లాక్కుంటుంది. అది కరిగితే దగ్గర నీరు తగ్గి, దూరంగా ఉన్నచోట ఎక్కువ లేస్తుంది. అంటార్కిటికా కరిగితే బంగాళాఖాతంలో ప్రపంచ సగటు కంటే కొంచెం ఎక్కువే.

కొత్తపల్లి కుర్రాడు:
మళ్లీ అంటార్కిటికా. ఈఈ గారు మట్టి గురించి అంత చెప్తే ఒక్క ముక్క పట్టించుకోలేదు. 2021-23 గురించి కూడా 'జమ, అంతే' అని దాటేశారు.

గీత_ఫిజిక్స్:
దాటేయలేదు, చెప్పాను. మీకు లెక్క తెలియక కాదు, ఒప్పుకోవడం ఇష్టం లేదు. తీరంలో బతికేవాళ్ల గోడు హైదరాబాద్‌లో ఏసీ గదుల్లో కూర్చుని ఫోన్లలో వాదించేవాళ్లకు వేళాకోళంగా ఉంటుంది.

కొత్తపల్లి కుర్రాడు:
నేను ఏసీలు రిపేరు చేస్తాను మేడం. ఏసీ గదుల్లో కూర్చోను.

కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి అనుకున్నారు? ఉప్పాడ కొత్తపల్లి. మా మేనత్త ఇల్లు, మేం ఆడుకున్న వీధి, మా నాన్న వలలు ఆరేసిన ఇసుక, అన్నీ ఇప్పుడు నీళ్లలో ఉన్నాయి. గోడ కట్టారు, పెద్ద పెద్ద సంచుల్లో ఇసుక నింపి ఒడ్డు పొడుగునా పరిచారు, అవీ చిరిగి పోయాయి. ప్రతి తుఫానుకూ బీచ్ రోడ్డు తెగుతుంది, మళ్లీ రాళ్లు పోస్తారు. మా ఇల్లు పోయాక మా అమ్మ పట్టా కాగితం పాలిథిన్ కవర్లో చుట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లింది. అక్కడి సారు కాగితం చూడనే లేదు. 'ఏం చేస్తామమ్మా, అంటార్కిటికాలో మంచు కరుగుతోంది, ప్రపంచమంతా ఇంతే' అన్నాడు. మా అమ్మ నాకు ఫోన్ చేసి అడిగింది, అక్కడికెళ్లి ఎవరిని అడగాలిరా అని.

ఆ రోజు నుంచి మంచు గురించి ఎక్కడ ఏది దొరికినా చదువుతున్నా. రేవు కోసం సముద్రంలోకి గోడలు కడితే ఇసుక కదలిక ఆగిపోతుందని, హోప్ ఐలాండ్ వైపు తిన్నె పెరిగేకొద్దీ అలల దెబ్బ ఉప్పాడ వైపు మళ్లిందని, నదుల మట్టి పైనే ఆగిపోయిందని చదివాను. వీటికి మనుషులు ఉన్నారు, సంతకాలు ఉన్నాయి. మంచుకు ఎవరున్నారు? మీరు రెండు మీటర్లు అన్నప్పుడల్లా ఆ సారుకు ఒక సాకు దొరుకుతోంది.

మోడరేటర్:
వ్యక్తిగత వ్యాఖ్యలు ఇద్దరూ ఆపండి. విషయం మీద ఉంటేనే చర్చ ఉంచుతాం.

దివిసీమ వాసు:
మోడరేటర్ గారూ, ఇప్పుడే విషయంలోకి వచ్చారు. ఉండనివ్వండి.

గీత_ఫిజిక్స్:
మీ అమ్మగారికి జరిగింది అన్యాయం. కానీ ఒకటి చూడండి. మీరు 28 సెంటీమీటర్లే అని గట్టిగా అంటే అదే సారు రేపు ఏమంటాడు? 'అంత నెమ్మదిగా పెరిగేదానికి ఇప్పుడు గోడ ఎత్తు పెంచడం ఎందుకు, డబ్బు దండగ' అంటాడు. ఎక్కువ చెప్తే సాకు, తక్కువ చెప్తే కోత. మీరు ఏ సంఖ్య చెప్పినా వాడుకునేది వాళ్లే.

కొత్తపల్లి కుర్రాడు:
గోడ తర్వాత సంగతి మేడం. మునిగిన ఇంటికి ముందు ఎవరు జవాబు చెప్తారు? మీరంతా 2100 అంటారు. మాది అయిపోయింది.

రిటైర్డ్ ఈఈ:
ఇంజనీరుగా ఒక మాట. 2050 దాకా తక్కువ కాలుష్యం లెక్కకూ ఎక్కువ కాలుష్యం లెక్కకూ పెద్ద తేడా లేదు. ఈ శతాబ్దం మొదట్లో ఉన్నదానికి 20 సెంటీమీటర్లు అటూఇటూగా ఉంటుంది. మత్స్యకారుల ఇళ్లు, కరకట్టలు ఆ లెక్కతో ఇప్పుడే కట్టొచ్చు, ఎవరి వాదన తేలేదాకా ఆగక్కర్లేదు. రేవులు, వంతెనలు నూరేళ్లు ఉండేవి. వాటికి మాత్రం మేడం చెప్పిన పై అంచు చూసుకోవాలి. అది లెక్కలోకి తీసుకోకుండా కట్టినవాడు ఉద్యోగంలో ఉండడు, కట్టింది మాత్రం ఉంటుంది.

పాతబస్తీ చాయ్:
ఈఈ సాబ్‌కు సలాం.

గీత_ఫిజిక్స్:
కుర్రాడు గారూ, మీ కేసుకు పనికొచ్చేది ఒకటి చెప్తాను. ముప్పై ఏళ్లలో సముద్రం 11 సెంటీమీటర్లు లేచింది అని మొదట్లో మీరే అన్నారు. చదునైన ఇసుక తీరంలో, వాలు వందకు ఒకటి అనుకున్నా, దాని వల్ల ఒడ్డు వెనక్కి జరిగేది సుమారు 11 మీటర్లు. మీకు వీధులకు వీధులే పోయాయంటున్నారు. అంటే మిగతాది మంచు ఖాతాలో వేయడానికి వీల్లేదు. సముద్రమట్టం లెక్క ఎంత కచ్చితంగా ఉంటే, మీరు చెప్పిన రేవు గోడల్లాంటి వాటి వల్ల పోయిన వాటా అంత స్పష్టంగా విడిపోతుంది. విశాఖలో పోటు కొలిచే పరికరం దశాబ్దాలుగా ఉంది, ఆ రికార్డులు దొరుకుతాయి. మీరు మంచు లెక్కను కొట్టిపారేస్తే మీ ఆయుధాన్ని మీరే పారేసినట్టు.

కొత్తపల్లి కుర్రాడు:
ఇది ఆ సారు ముందు ఎవరు చెప్తారు? ఏసీ మెకానిక్ చెప్తే వింటాడా?

గీత_ఫిజిక్స్:
నేను రాసిస్తాను, సంతకం పెట్టి. కానీ 2100కి 28 సెంటీమీటర్లే అని అందులో రాయను.

కొత్తపల్లి కుర్రాడు:
రాయొద్దు. రెండు మీటర్లు అని కూడా రాయొద్దు.

గీత_ఫిజిక్స్:
63 నుంచి 101 అని రాస్తాను, ఎంత కాలుష్యానికి ఆ లెక్కో కూడా రాస్తాను. పై అంచు మాట కింద ఒక వాక్యం ఉంటుంది. అది తీసేయమంటే మాత్రం సంతకం పెట్టను.

రిటైర్డ్ ఈఈ:
తీరం గీత పాత మ్యాపుల్లో ఎక్కడుంది, ఇప్పుడు ఎక్కడుంది అనేది కూడా జత చేయాలి. గోడ ఏ ఏడు కట్టారో ఆ తేదీలు లేకుండా వెళ్తే కాగితం మొదటి టేబుల్ దగ్గరే ఆగిపోతుంది. నాకు మెసేజ్ పెట్టండి ఇద్దరూ, ఏ కాగితం ఎక్కడ అడగాలో చెప్తాను.

కొత్తపల్లి కుర్రాడు:
పెడతాను సార్. ఆ వాక్యం గురించి మాత్రం మేడంతో ఇంకా మాట్లాడాలి.