పరిశోధనలో సామాజిక మాధ్యమాల సాయం ఎంతవరకు తీసుకోవచ్చు?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని):
సిద్ధాంత వ్యాసం పనిలో పాత పరిశోధన పత్రాల ఆచూకీ కోసం, గణాంక పద్ధతులపై సందేహాల కోసం, ప్రశ్నావళి నింపేవారి కోసం ఫేస్‌బుక్, రెడిట్, ఎక్స్ వంటి వేదికలను ఆశ్రయిస్తున్నాను. ఒకచోట వెంటనే చక్కని జవాబు వస్తే, అదే ప్రశ్నకు మరొకచోట ఎవరూ పలకడం లేదు. ప్రశ్నను ఎలా అడగాలో, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మవచ్చో అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి.

జవాబు (గణిత అధ్యాపకుడు):
ఎవరూ పలకకపోవడానికి చాలాసార్లు ప్రశ్న తీరే కారణం. ‘ఈ అంశంపై సమాచారం కావాలి’ అంటే చదివేవారికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మీరు ఏమి తేల్చదలచుకున్నారో, ఇప్పటికే ఏమేమి చూశారో, సరిగ్గా ఎక్కడ ఆగిపోయారో రాస్తే, తెలిసినవారు ఆ ఒక్క చిక్కు గురించే ఆలోచిస్తారు. 2009లో గణితవేత్త తిమొతీ గవర్స్ తన బ్లాగులో ప్రారంభించిన పాలిమత్ ప్రయోగం (ఒక గణిత సమస్యను అంతర్జాలంలో అందరూ కలిసి సాధించే ప్రయత్నం) నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ. డెన్సిటీ హేల్స్–జ్యూయెట్ అనే గణిత సిద్ధాంతానికి అప్పటికే ఒక నిరూపణ ఉన్నా, సంయోజనశాస్త్ర (కాంబినేటరిక్స్) మార్గంలో మరొకటి సాధించాలని ఆయన అందరినీ ఆహ్వానించారు. ఏ దారిలో వెళ్లవచ్చో ముందే వివరించి, అసంపూర్ణమైన ఆలోచననైనా చిన్న వ్యాఖ్యగా పంచుకోమని కోరారు. కొన్ని వారాల్లోనే నిరూపణ రూపుదిద్దుకుంది. అడిగే వ్యక్తి ముందుగా తన వంతు శ్రమ చేసి చూపడమే అక్కడ పనిచేసిందని నా అభిప్రాయం.

జవాబు (గ్రంథాలయ ఉద్యోగిని):
నమ్మకం విషయానికి వస్తే, అక్కడ వచ్చిన జవాబును ఆధారంగా కాక, ఆధారానికి దారి చూపే సూచనగా మాత్రమే తీసుకోండి. ఎవరైనా ఒక పత్రం పేరు చెబితే, దానిని తెరిచి చదివిన తరువాతే ఉదహరించండి. 2009 డిసెంబరులో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా నిర్వహించిన పోటీలో అమెరికా అంతటా ఉంచిన 10 ఎర్ర బెలూన్లను ఎం.ఐ.టి. బృందం జనం సాయంతో 9 గంటల లోపే కనిపెట్టింది. అయితే వచ్చిన కబుర్లలో తప్పుడువీ ఉండటంతో, నిజమైనవాటిని వేరుచేయడం ఆ బృందానికి పెద్ద పనే అయింది. ఇక పాత పత్రాల కోసం నేరుగా రచయితకే ఈమెయిల్ రాయండి, చాలామంది సంతోషంగా పంపుతారు.

జవాబు (గణాంక నిపుణుడు):
ప్రశ్నావళి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లింకు చూసి తమంతట తాము ముందుకు వచ్చినవారు ఆ అంశంపై ముందే ఆసక్తి ఉన్నవారై ఉంటారు కనుక, వారి అభిప్రాయాన్ని మొత్తం జనాభాకు ఆపాదించకూడదు. ఏ గ్రూపులో, ఎప్పుడు పెట్టారో వ్యాసంలో తప్పక రాయండి.

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని):
అందరికీ కృతజ్ఞతలు. అక్కడివారి మాటలను వ్యాసంలో యథాతథంగా వాడుకోవచ్చా?

జవాబు (గ్రంథాలయ ఉద్యోగిని):
అనుమతి తీసుకోండి, ముఖ్యంగా సభ్యులకే పరిమితమైన గ్రూపుల విషయంలో. పేరు తీసివేసినా ఆ వాక్యాన్ని గూగుల్‌లో వెతికితే రాసిన మనిషి దొరికిపోవచ్చు. అందువల్ల వ్యక్తిగత విషయాలైతే సారాంశం మాత్రమే రాయడం మంచిది.