3189లో కూడా "నన్ను అలా పిలవొద్దు" అని భయపడుతూ చెప్పాలా?

పాతపుస్తకాలపురుగు:
మొన్న స్టార్ ట్రెక్ డిస్కవరీ మూడో సీజన్ (2020లో వచ్చింది) మళ్లీ చూశాను. కథ నడిచేది 3189లో. అడీరా అనే కుర్ర మేధావి పని మధ్యలో ఆగి నౌకలోని శాస్త్రవేత్త స్టామెట్స్‌తో చెప్తుంది, తనని ఆడపిల్లలా పిలవొద్దని, తనకెప్పుడూ అలా అనిపించలేదని, ఇంతవరకు తన ప్రియుడు గ్రేకి తప్ప ఎవరికీ చెప్పలేదని. ఆయన సరే అని మళ్లీ పనిలో పడతాడు. ఆ సరే బాగుంది. కానీ ఆ భయమే నాకు మింగుడుపడలేదు. స్టామెట్స్ 23వ శతాబ్దం నుంచి కాలంలో దూకి వచ్చినవాడు, అడీరా ఏమో 32వ శతాబ్దంలోనే పుట్టి పెరిగిన పిల్ల. తొమ్మిది వందల ఏళ్ల కిందటి మనిషి ముందు ఈ పిల్ల నీళ్లు నమలడం ఏంటండీ? మన 2020ని ఎత్తుకెళ్లి అంతరిక్ష నౌకలో కూర్చోబెట్టారు, అంతే. అంత దూరపు భవిష్యత్తులో ఇది అసలు విషయమే కాకూడదు అంటాను. కాదనేవాళ్లు రండి.

నేలటిక్కెట్టు:
మనకి ఇదంతా ఎప్పుడో ఉంది బ్రో. బృహన్నల.

గగనవిహారి:
ప్రతి చర్చలోకీ బృహన్నలని లాక్కురాకండి దయచేసి. అర్జునుడికి అది శాపం, అజ్ఞాతవాసంలో అక్కరకొచ్చింది, ఏడాది గడిచాక గాండీవం పట్టుకుని ఎప్పటి అర్జునుడే అయ్యాడు. వేషం వేరు, నేనెవరు అనేది వేరు.

పురుగు గారూ, ఆ భయం ఊరికే పెట్టింది కాదు. అడీరాగా వేసిన బ్లూ డెల్ బారియో ఆ పాత్ర దొరికేనాటికి తను నాన్-బైనరీ (ఆడా మగా అన్న రెండు గళ్లలో ఇమడని మనిషి) అని ఇంట్లోవాళ్లకే ఇంకా చెప్పుకోలేదట, అందుకే పాత్ర కూడా కొన్నాళ్లు చెప్పకుండా ఉండేలా రాశారని తనే ఇంటర్వ్యూలో చెప్పారు. ఇంకో మాట. మన సుప్రీంకోర్టు 2014లో మూడో జెండర్‌ని గుర్తించింది కదా, ఆ మర్నాటి నుంచి అందరూ భోజనాల దగ్గర అమ్మానాన్నలకి చెప్పేసుకున్నారా? లోకం ఒప్పుకున్నా, తన గురించి తాను మొదటిసారి నోరు విప్పడం ఏ శతాబ్దంలోనైనా కష్టమే.

మీరు "చెప్తుంది" అని రాశారు, గమనించారా? ఆడపిల్లలా పిలవొద్దు అన్న మనిషి గురించే.

పాతపుస్తకాలపురుగు:
అబ్బా, దొరికిపోయాను. మరి ఏమని రాయాలి, చెప్తాడు అనా?

బ్లూ సంగతి నాకు తెలీదు, విన్నాక మనసు కొంచెం మెత్తబడింది. అయినా కథ లెక్క కథదే. ఉర్సులా లె గ్విన్ 1969లోనే ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్ నవలలో చేసి చూపించారు. గెథెన్ అనే గ్రహం మీద మనుషులకి నెలలో కొన్ని రోజులు తప్ప ఆడా మగా ఉండదు, ఆ రోజుల్లో ఎవరు ఏమవుతారో ముందు తెలీదు, ఒకే మనిషి ఒక బిడ్డకి తల్లి, ఇంకో బిడ్డకి తండ్రి. రాజుగారికే కడుపొస్తుంది! అక్కడ ఎవరూ ఎవరికీ ఏదీ వివరించుకోరు, తికమకపడేదల్లా భూమి నుంచి వెళ్లిన రాయబారి. అదీ భవిష్యత్తు రాయడం అంటే.

వ్యాకరణం మాస్టారు:
గెథెన్ వాళ్లందరినీ ఆవిడ ఇంగ్లీషులో మగ సర్వనామంతోనే రాశారు, అది మరిచిపోకండి. 1976లో ఒక వ్యాసంలో దాన్ని సమర్థించుకున్నారు, 1987లో అదే వ్యాసానికి పక్కన వ్యాఖ్యలు చేర్చి ఆ సమర్థన వెనక్కి తీసుకున్నారు. అంతకుముందే 1975 సంకలనంలో, అదే గ్రహం మీద నడిచే ఓ పాత కథలో అందరినీ ఆడ సర్వనామంలోకి మార్చి, రాజుని మాత్రం రాజుగానే ఉంచారు. తన తప్పు మీద తనే ప్రయోగం చేసుకున్న రచయిత్రి, నాకు అందుకే ఇష్టం.

యాన్ లెకీ యాన్సిలరీ జస్టిస్ (2013, మరుసటేడు హ్యూగో అవార్డు వచ్చింది) ఇంకో అడుగు వేసింది. రాద్చ్ సామ్రాజ్యపు భాషలో లింగభేదం లేదు, కాబట్టి కథకి అందరూ "ఆమె"లే. దాన్ని తెలుగు చేద్దామని ఓ రెండు పేజీలు కూర్చున్నాను, తల బొప్పి కట్టింది. ఎందుకంటే మనకి ఆమె వచ్చింది, బస్సూ వచ్చింది, కుక్కా వచ్చింది. ఆ నవలలో బుద్ధి ఉన్న ఓడనీ, ఆ ఓడ తన చేతుల్లా ఆడించే మనిషి శరీరాలనీ "అది" అంటారు, అధికారులని "ఆమె" అంటారు, ఎవరు మనిషి ఎవరు సరుకు అన్న గొడవంతా ఆ తేడాలోనే ఉంది. మన క్రియలో ఆ రెండూ కలిసిపోతాయి.

నేలటిక్కెట్టు:
"వచ్చారు" అని పెట్టేస్తే పోలా మాస్టారూ. గారు తగిలించండి, ఆడా మగా రెండూ మాయం.

వ్యాకరణం మాస్టారు:
మాయమవుతాయి, కానీ వాటితోపాటు పనివాడికీ దొరకీ మధ్య తేడా కూడా మాయమవుతుంది, రాద్చ్ బతికేదే ఆ తేడా మీద. పైగా వన్ ఎస్క్ అనే పాత్రకి ఇరవై శరీరాలు. "వచ్చారు" అంటే ఒక్కరా, ఇరవై మందా?

గగనవిహారి:
ఇదే నాకు అసలు ప్రశ్న. భవిష్యత్తులో జెండర్ ఉండాలా వద్దా అని పురుగు గారు ఒక్క గీతతో తేల్చేశారు. అది పోయిన చోట ఏది వచ్చి కూర్చుంటుందో చూపించాలి కదా, లెకీ దగ్గర ఎవరి ఇల్లు గొప్ప అన్నది వచ్చి కూర్చుంది. భయపడే అడీరా కూడా నాకు కావాలి, ఎవరూ అడగని గెథెనూ కావాలి. ఒకదాన్ని కొట్టేయడం దేనికి?

పాతపుస్తకాలపురుగు:
సరే, కొట్టేయను, కానీ 3189కి అంత భయం ఎలా మిగిలిందో ఒక్క వాక్యమైనా రాయమంటాను, ఆ లోకాన్ని వాళ్లే కట్టారు కాబట్టి. అప్పటిదాకా నా మార్కులు లె గ్విన్‌కే.

మాస్టారి పోస్టు చదివాక ఇంకోటి తట్టింది. నేను వచ్చాను, నువ్వు వచ్చావు, వీటిలో ఆడా మగా లేదు. అడీరా తెలుగులో మాట్లాడుతుంటే స్టామెట్స్ ఎదురుగా ఉన్నంతసేపూ సమస్యే లేదు, అడీరా పక్క గదిలోకి వెళ్లాక మిగతావాళ్లు తన గురించి చెప్పుకునేటప్పుడే వస్తుంది.

వ్యాకరణం మాస్టారు:
ఒరేయ్, ఒసేయ్, అమ్మాయ్, బాబూ... పిలుపు సంగతో?

నేలటిక్కెట్టు:
మా చెల్లి, దాని ఫ్రెండ్స్ అందరూ ఆడపిల్లలే, "ఏంట్రా" అనే పిలుచుకుంటారు. మా నానమ్మ ఒక్కత్తే తిడుతుంది.